నలభై నిమిషాల ఆలస్యం

బాలలూ! మీలో ఎంతమందికి ఈత వచ్చు?

పల్లెటూళ్లలో ఉండేవాళ్లయితే ఎండాకాలం సెలవుల్లో నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, బెండ్లో కట్టుకుని, ఊరి బావిలోనో పంటకాలవలోనో నేర్చుకుని ఉంటారు. పట్నం పిల్లలయితే ఈతకొలనులో నేర్చుకుని ఉంటారు. ఎక్కడ నేర్చుకున్నా ఒక సంగతి మాత్రం అందరికీ అనుభవమే. పదిహేను ఇరవై బారలు వేసేసరికి ఆయాసం వస్తుంది. చెయ్యి చాస్తే బావి మెట్టో, కాలవగట్టో, కొలను గోడో అందుతుంది. హమ్మయ్య అనుకుంటాం!

ఇప్పుడు ఆ మెట్టు, ఆ గట్టు, ఆ గోడ ఏవీ లేవనుకోండి. చుట్టూ సముద్రం. అర్ధరాత్రి దాటింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. అవతలి ఒడ్డు 34 కిలోమీటర్ల దూరంలో ఉంది. పక్కన ఒక పడవ వస్తోంది గాని దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. ముట్టుకుంటే అంతవరకు ఈదినదంతా లెక్కలోకి రాదు!

1959 ఆగస్టు 27 తెల్లవారుజామున ఆరతీ సాహా అనే కలకత్తా అమ్మాయి సరిగ్గా ఇలాంటి నీళ్లలోకి దిగింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. ఫ్రాన్సు తీరంలోని కేప్ గ్రీనే అనే చోటినుంచి ఇంగ్లండు తీరానికి, ఇంగ్లీషు ఛానల్‌ను ఈది దాటాలని ఆమె పట్టుదల.

పోటీ రాత్రి ఒంటిగంటకు మొదలుకావాలి. కాని ఆమెకు తోడుగా రావలసిన పడవ వేళకు రాలేదు. 40 నిమిషాలు ఆలస్యమైంది. అంత దూరం, అన్ని గంటల ప్రయాణంలో 40 నిమిషాలు ఏపాటి? అని మీరు అనుకోవచ్చు. ఏం జరిగిందో చూడండి.

ఉదయం 11 గంటలకల్లా ఆరతి ఇంగ్లండు తీరానికి అయిదు మైళ్ల దూరంలోకి వచ్చేసింది. అప్పుడు ఎదురు ప్రవాహం తగిలింది. ఆమె చేతులు ఆగలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి, అయిదు గంటలు గడిచాయి. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమె ముందుకు సాగిన దూరం రెండు మైళ్లే! ఒడ్డు ఇంకా మూడు మైళ్లు ఉండగానే పడవ నడిపేవారి ఒత్తిడిమీద ఆమె ఈత విరమించుకోవలసి వచ్చింది.

ఆమె చేతుల్లో బలం చాలకనా? కాదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కలకత్తా దేశబంధు పార్కు చెరువులో ఆమె ఎనిమిది గంటలపాటు ఆగకుండా ఈదింది. ఆ తరువాత మరోసారి 16 గంటలు ఆగకుండా ఈదింది. మరి ఎందుకు ఓడిపోయింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు చెరువుకూ సముద్రానికీ ఉన్న తేడాలు తెలుసుకోవాలి.

మొదటి శత్రువు: చలి

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు తీసుకోండి. అమ్మనో అక్కనో అడిగి రెండింటిలోనూ సమానంగా వేడినీళ్లు పోయించండి. ఒక గ్లాసును బల్లమీద ఉంచండి. రెండోదాన్ని చన్నీళ్లున్న పళ్లెంలో, ముప్పాతిక వంతు మునిగేటట్లు నిలబెట్టండి. పది నిమిషాలయ్యాక రెండు గ్లాసుల్లోని నీళ్లను వేలితో తాకి చూడండి. బల్లమీది గ్లాసులో నీళ్లు ఇంకా వేడిగానే ఉంటాయి. పళ్లెంలో ఉన్నది చాలావరకు చల్లారిపోయి ఉంటుంది.

కారణం ఏమిటి? గాలి కంటె నీరు ఉష్ణాన్ని సుమారు 25 రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. అందుకే 20 డిగ్రీల గాలిలో హాయిగా తిరిగే మనం 20 డిగ్రీల నీళ్లలో దిగితే కాసేపటికే వణికిపోతాం.

మన శరీరం ఆ వేడినీళ్ల గ్లాసులాంటిదే. లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. వేసవిలో సైతం ఇంగ్లీషు ఛానల్ నీటి ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీలే. అంటే ఈతగాడి ఒంట్లోని వేడి ప్రతి నిమిషమూ సముద్రంలోకి కారిపోతూనే ఉంటుందన్నమాట. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకంటె తగ్గిందా, ప్రమాదమే. మొదట వణుకు పుడుతుంది. వేళ్లు కొంకర్లు పోయి, అరచెయ్యి మూసుకోదు. మాట తడబడుతుంది. ఆ తరువాత ఆలోచన మందగిస్తుంది. తాను ఎక్కడ ఉన్నాడో, ఏం చేస్తున్నాడో ఈతగాడికే తెలియదు. అన్నిటికంటె ప్రమాదం ఇదే. ఎందుకంటే, ఆపాలా వద్దా అని నిర్ణయించవలసిన మెదడే ముందుగా మొద్దుబారిపోతుంది!

అందువల్లనే ఆ నిర్ణయం ఈతగాడికి వదిలిపెట్టరు. పడవలో ఉన్నవాళ్లు గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్ని బారలు వేస్తున్నాడో లెక్కపెడుతూ ఉంటారు. మొదటినుంచి 60 బారలు వేస్తున్నవాడు క్రమంగా 50కి పడిపోయాడంటే అనుమానించవలసిందే. చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతారు. సమాధానం తిన్నగా రాకపోతే నీళ్లలోంచి పైకి తీసేస్తారు.

మరి ఇంత చలిని తట్టుకోవడం ఎలా? మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది చర్మం కింది కొవ్వు. కొవ్వు ఉష్ణాన్ని తొందరగా పోనివ్వదు. తిమింగలాలు, సీళ్లు మంచు సముద్రాల్లో బతుకుతున్నది ఈ కొవ్వు దుప్పటి వల్లనే. అందుకే దూరపు ఈతలకు సిద్ధమయ్యేవాళ్లు చాలామంది కావాలని కొంచెం ఒళ్లు చేస్తారు. పరుగు పందెగాడు సన్నగా ఉండాలని చూస్తే, ఛానల్ ఈతగాడు కాస్త బొద్దుగా ఉండాలని చూస్తాడు!

రెండోది పని. కండరాలు పనిచేస్తే వేడి పుడుతుంది. మెట్లెక్కినప్పుడు మీకు చెమట పట్టేది ఇందుకే. ఈదుతున్నంతసేపూ ఒంట్లో పొయ్యి మండుతున్నట్టే. ఆగి తేలుతూ ఉంటే ఆ పొయ్యి ఆరిపోతుంది.

మూడోది అలవాటు. హఠాత్తుగా చల్లని నీళ్లు మీద పడితే ఏమవుతుంది? గుండె దడదడ లాడుతుంది, మనకు తెలియకుండానే నోరు తెరిచి గుక్క తిప్పుకుంటాం. స్నానాలగదిలో అయితే ఫరవాలేదు గాని, నీళ్లలో మునిగి ఉండగా ఆ గుక్క పడితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లని నీళ్లలో మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. అయితే రోజూ కొద్ది కొద్దిసేపు చల్లని నీళ్లలో దిగుతూ ఉంటే శరీరం ఈ ఉలికిపాటును తగ్గించుకుంటుందని శాస్త్రజ్ఞులు పరీక్షించి తెలుసుకున్నారు. ఛానల్ ఈదదలచినవాళ్లు ఈనాడు ముందుగా 16 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని ఉన్న నీళ్లలో ఆరు గంటలు ఆగకుండా ఈది చూపించాలనే నియమం అందుకే పెట్టారు.

కలకత్తా చెరువు నీళ్లలో 16 గంటలు ఈదగలిగిన ఆరతి కూడా ఛానల్ చలికి కొత్తే. అందుకే జూలై నెలలోనే ఇంగ్లండు వెళ్లి, ఆగస్టు 13 నుంచి ఆ సముద్రంలోనే సాధన మొదలుపెట్టింది.

ఒంటికి కొవ్వు పూసుకుని దిగుతారని మీరు విని ఉండవచ్చు. గొర్రె ఉన్నినుంచి తీసే ఒక రకం జిడ్డును వాజలైన్‌తో కలిపి పూసుకుంటారు. చలిని అది ఆపగలిగేది చాలా తక్కువ. దాని అసలు ఉపయోగం వేరు. ఉప్పునీళ్లలో వేలకొద్దీ బారలు వేస్తుంటే చంకల్లో, మెడదగ్గర చర్మం ఒరుసుకుని పుండ్లు పడుతుంది. ఆ రాపిడిని జిడ్డు తగ్గిస్తుంది. సైకిలు చెయినుకు నూనె వేస్తామే, అలాగన్నమాట!

రెండో శత్రువు: ప్రవాహం

గోదావరినో కృష్ణనో పడవమీద దాటినవాళ్లు ఒక విషయం గమనించే ఉంటారు. అవతలి ఒడ్డున ఎదురుగా కనిపించే రేవుకు చేరాలంటే పడవవాడు తిన్నగా ఆ రేవుకేసి పోనివ్వడు. కొంచెం ఎగువకు పడవను తిప్పి పట్టుకుంటాడు. ఏటి వడి పడవను దిగువకు లాగుతుంది కనుక చివరకు సరిగ్గా రేవు దగ్గరకే చేరుతుంది.

ఏటికి దిగువ ఎప్పుడూ ఒకటే వైపు. ఛానల్‌లో అలా కాదు. సుమారు ఆరు గంటలపాటు నీరు ఈశాన్యంగా పరుగెడుతుంది. ఆ తరువాత వెనక్కి తిరిగి మరో ఆరు గంటలు నైరుతిగా పరుగెడుతుంది. ఈ పరుగు వడి ఒక్కోవేళ ఈతగాడి వేగాన్ని మించిపోతుంది.

దీనికంతటికీ మూలం చంద్రుడు. చంద్రుడి ఆకర్షణవల్ల సముద్రంలో పోటు, పాటు కలుగుతాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. సూర్యుడు కూడా లాగుతాడు గాని దూరంగా ఉండడంవల్ల అతని ప్రభావం తక్కువ. అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి కలిసి లాగుతారు. అప్పుడు పోటు పెద్దది. సప్తమి, అష్టమి రోజుల్లో ఒకరు ఒక దిక్కుకు, మరొకరు అడ్డంగా లాగడంవల్ల పోటు చిన్నది. మన తీరాల జాలరులకు ఇది తరతరాలుగా తెలిసిన విషయమే.

విశాఖపట్నంలో పెద్ద పోట్లకు కూడా నీటిమట్టం సుమారు ఒకటిన్నర మీటర్లే పెరిగి తగ్గుతుంది. డోవర్ దగ్గర అది సుమారు 6 మీటర్లు! అంటే రెండంతస్తుల మేడంత ఎత్తు. అంత నీరు ఇరుకైన జలసంధిగుండా ఆరు గంటల్లో అటు, ఆరు గంటల్లో ఇటు పోవాలంటే ఎంత వడి కావాలో ఆలోచించండి. అందుకే ఛానల్ ఈతగాళ్లు ఎక్కువగా చిన్న పోట్ల రోజులను ఎంచుకుంటారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. గంటకు 3 కిలోమీటర్లు ఈదేవాడు 34 కిలోమీటర్లు దాటడానికి ఎంతసేపు పడుతుంది? 11 గంటల 20 నిమిషాలు. కాగితంమీద ఇంతే. కాని ఈలోగా సముద్రం అతన్ని ఒకసారి ఈశాన్యంగా, ఒకసారి నైరుతిగా మోసుకుపోతుంది. అతను వెళ్లిన దారిని పటంమీద గీస్తే తిన్నని గీత రాదు, పాము మెలిక తిరిగినట్టు ఉంటుంది. అందుకే ఆరతి ఛానల్‌లో ఈదిన దూరాన్ని 42 మైళ్లుగా, అంటే సుమారు 67 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. తిన్నని దూరానికి దాదాపు రెట్టింపు!

పడవ నడిపేవాడి నేర్పు ఇక్కడే తెలుస్తుంది. ఏ గంటకు బయలుదేరితే ఏ గంటకు ప్రవాహం తిరుగుతుందో, ఒడ్డు దగ్గరకు వచ్చేసరికి అది ఏ దిక్కుకు పోతుంటుందో ముందుగానే లెక్కకట్టాలి. లెక్క కుదిరితే ప్రవాహమే ఒడ్డువైపు నెట్టినట్టవుతుంది. కుదరకపోతే ఒడ్డు కళ్లెదుటే కనిపిస్తూ ఉంటుంది గాని చేతికందదు.

ఇప్పుడు తెలిసింది కదా 40 నిమిషాల సంగతి! రైలు కోసం మనం ఎదురుచూడాలి గాని రైలు మనకోసం ఆగదు. సముద్రం కూడా అంతే. ఆరతి పడవ రాలేదని పోటు ఆగలేదు. అనుకూలమైన వేళ జారిపోయింది. ఆ నష్టం అర్ధరాత్రి కనిపించలేదు, మర్నాడు ఒడ్డు దగ్గర కనిపించింది.

కెప్టెన్ వెబ్ అయిదు గంటల పోరు

ఛానల్‌ను ఏ తోడ్పాటూ లేకుండా మొట్టమొదట ఈదినవాడు మాత్యూ వెబ్ అనే ఇంగ్లీషు నావికుడు. 1875 ఆగస్టు 12న ఆయన మొదటిసారి ప్రయత్నించాడు. గాలి, అలలు ఎక్కువై మానుకోవలసి వచ్చింది. పన్నెండు రోజుల తరువాత, ఆగస్టు 24న డోవర్ నుంచి మళ్లీ బయలుదేరాడు. పార్పస్ అనే సముద్ర జంతువు నూనె ఒంటికి పూసుకున్నాడు. కప్పలా కాళ్లు ఆడిస్తూ ఈదే పద్ధతిలో ఈదాడు. దారిలో జెల్లీ చేపలు కుట్టాయి. ఫ్రాన్సు తీరం దగ్గరపడ్డాక ప్రవాహం అడ్డం తిరిగింది. సుమారు అయిదు గంటలపాటు ఆయన తీరం వెంబడే కొట్టుకుపోయాడు గాని ఒడ్డుకు చేరలేకపోయాడు. చివరకు 21 గంటల 45 నిమిషాలకు కలే పట్టణం దగ్గర ఒడ్డెక్కాడు.

ఆరతికి అయిదు గంటలు ఎదురైన కష్టమే 84 ఏళ్లకు ముందు వెబ్‌కూ ఎదురైందన్నమాట. ఆయన గట్టెక్కాడు, ఆమె అప్పటికి గట్టెక్కలేదు.

వెబ్ కథకు ఒక విషాదపు ముగింపు ఉంది. అంతటి ఈతగాడు 1883లో నయాగరా జలపాతం దిగువన ఉన్న సుడిగుండాలను ఈది దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. వేళ చూసి, సాధన చేసి దిగడం సాహసం. ఏ లెక్కకూ లొంగని నీళ్లలో దిగడం సాహసం కాదు.

వెబ్ తరువాత చాలా ఏళ్లకు, 1926 ఆగస్టు 6న, అమెరికాకు చెందిన గర్ట్రూడ్ ఎడర్లీ ఛానల్ దాటిన మొదటి స్త్రీ అయింది. ఆమె ఒక చెయ్యి తరువాత మరో చెయ్యి నీటిపైనుంచి ముందుకు వేస్తూ బార ఈత ఈదింది. అప్పటివరకు మగవాళ్లలో అందరికంటె వేగంగా దాటినవాడికి 16 గంటల 33 నిమిషాలు పట్టింది. ఎడర్లీకి సుమారు 14 గంటల 30 నిమిషాలే పట్టింది! అంతకు ముందు ఏడు, 1925లో, ఆమె మొదటి ప్రయత్నం మధ్యలో ఎవరో ఆమెను పట్టుకోవడంవల్ల ఈత చెల్లకుండా పోయింది. నియమం అంత కఠినం. మామూలు ఈత దుస్తులు, టోపీ, కళ్లద్దాలు తప్ప మరేమీ ఉండకూడదు. పడవనుగాని మనిషినిగాని ఆనుకోకూడదు. ఒక ఒడ్డున పొడినేలనుంచి బయలుదేరి మరో ఒడ్డున నీళ్లు దాటి బయటికి నడవాలి.

మూడో శత్రువు: దూరం

నిమిషానికి 60 బారల చొప్పున 14 గంటలు ఈదితే మొత్తం ఎన్ని బారలు? 50,400! 50 మీటర్ల కొలనులో 34 కిలోమీటర్లు ఈదాలంటే ఆ చివరినుంచి ఈ చివరికి 680 సార్లు పోవాలి. పైగా కొలనులో చివర గోడను తన్నుకుని ముందుకు దూసుకుపోవచ్చు. సముద్రంలో ఆ సౌకర్యం లేదు.

ఇంత పనికి ఇంధనం కావాలి. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని శరీరం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. గట్టిగా శ్రమిస్తే ఆ నిల్వ రెండు గంటలకు మించి రాదు. అందుచేత అరగంటకో గంటకో ఒకసారి గ్లూకోజు వంటివి కలిపిన గోరువెచ్చని పానీయాన్ని, పొడవాటి కర్రకు తగిలించిన గిన్నెలోనో, తాడు కట్టిన సీసాలోనో అందిస్తారు. ఈతగాడు వెల్లకిలా తేలుతూ గబగబా తాగేసి మళ్లీ సాగిపోతాడు. తాగడానికి ఒక్కొక్కసారికి మూడు నిమిషాలు పట్టిందనుకోండి. పన్నెండుసార్లు తాగితే 36 నిమిషాలు! మళ్లీ మన నలభై నిమిషాల దగ్గరకే వచ్చాం చూశారా? అందుకే తాగడం కూడా సాధన చేస్తారు.

సాధనంతా మెట్టు మెట్టుగా సాగాలి. మొదట కొలనులో కిలోమీటరు, రెండు కిలోమీటర్లు. తరువాత గంటలకొద్దీ. ఆపైన సముద్రంలో. నేలమీద గుర్తులు చూసి తిన్నగా పోవడం, అల లేచిన వైపు కాకుండా రెండోవైపు తల తిప్పి ఊపిరి పీల్చడం, చీకట్లో ఈదడం, అన్నీ నేర్చుకోవాలి. భుజాల కీళ్లు నొప్పి పుడితే విశ్రాంతి తీసుకోవడం కూడా సాధనలో భాగమే.

సముద్రం చేసే ఒక మేలు మాత్రం చెప్పుకోవాలి. లీటరు మంచినీరు ఒక కిలోగ్రాము తూగితే, లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగుతుంది. బరువైన నీరు మనల్ని ఎక్కువ బలంతో పైకి నెడుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం జ్ఞాపకం ఉంది కదూ? అందుకే చెరువులో కంటె సముద్రంలో తేలడం కాస్త సులువు.

నెల తిరిగింది

ఓడిపోయిన ఆరతి ఇంటికి తిరిగి వెళ్లలేదు. మరోసారి ప్రయత్నించడానికి అక్కడే ఉండిపోయింది. సెప్టెంబరు 24కి ఆమెకు 19 ఏళ్లు నిండాయి. ఆ తరువాత అయిదో రోజున, 1959 సెప్టెంబరు 29న, అదే కేప్ గ్రీనే నుంచి మళ్లీ నీళ్లలో దిగింది.

అవే చేతులు. అదే జలసంధి. అదే చలి. 16 గంటల 20 నిమిషాల తరువాత ఆరతి ఇంగ్లండు తీరంలోని శాండ్‌గేట్ దగ్గర ఒడ్డెక్కి భారతదేశపు జెండా ఎగురవేసింది! ఆసియా ఖండంనుంచి ఇంగ్లీషు ఛానల్‌ను ఈదిన మొదటి స్త్రీ ఆమే. 1960లో ప్రభుత్వం పద్మశ్రీ బిరుదు ఇచ్చింది. 1999లో తపాలా శాఖ ఆమె బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆగస్టులో ఒడ్డుకు మూడు మైళ్ల దూరంలో ఆమె మొండికేసి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేం. ఆనాడు ఆగింది కాబట్టి సెప్టెంబరులో మళ్లీ దిగగలిగింది. ఆ సంగతి మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

మన చెంత సముద్రంలో

ఆరతికంటె ముందు ఏడు, 1958 సెప్టెంబరు 27న, మిహిర్ సేన్ 14 గంటల 45 నిమిషాల్లో ఛానల్ దాటి, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయుడయ్యాడు. ఆయన 1966 ఏప్రిల్‌లో శ్రీలంకనుంచి ధనుష్కోడికి పాక్ జలసంధిని ఈదాడు. పట్టిన కాలం 25 గంటల 36 నిమిషాలు. అదే ఏడాది జిబ్రాల్టర్, డార్డనెల్స్, బాస్పరస్ జలసంధులను, పనామా కాలవను కూడా ఈదాడు.

పాక్ జలసంధిలో ఛానల్ చలి ఉండదు. అక్కడి నీరు వెచ్చన. అయితే వెచ్చని నీళ్లలో మరో చిక్కు. కండరాల్లో పుట్టిన వేడి బయటికి పోదు, దాహం వేస్తుంది, ఎండ వీపును కాలుస్తుంది, జెల్లీ చేపలు కుడతాయి. అందుకే ఈనాటి అంతర్జాతీయ సముద్ర ఈత పోటీల్లో నీరు 16 డిగ్రీలకు తక్కువైనా, 31 డిగ్రీలకు ఎక్కువైనా పోటీ జరపకూడదనే నియమం ఉంది.

2021 మార్చి 19న హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల ఈ పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటింది. ఆమె ఈత నేర్చుకున్నది నలభై ఏళ్లు దాటాకనే! కాబట్టి ఇంతవరకు ఈత రానివాళ్లు ఏమీ నిరుత్సాహపడనవసరం లేదు.

మీకు ఒక మాట

బాలలూ! ఇదంతా చదివి రేపే కాలవలో దూకుతారేమో, ఆగండి. కాలవల్లో, క్వారీ గుంటల్లో, సముద్రతీరాల్లో ప్రతి వేసవిలోనూ పిల్లలు మునిగిపోతూనే ఉన్నారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఉంటారు.

పెద్దవాళ్లు తోడు లేకుండా ఎప్పుడూ నీళ్లలో దిగకండి. లోతు తెలియనిచోట తలకిందులుగా దూకకండి. సముద్రంలో స్నానం చేసేటప్పుడు ఒక్కోచోట నీరు ఇరుకు పాయలా లోపలికి లాక్కుపోతుంది. విశాఖ తీరంలో ఇలాంటి ప్రవాహాలున్నాయి. అందులో చిక్కుకుంటే తిన్నగా ఒడ్డుకేసి పోరాడకండి. ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు. చెయ్యెత్తి కేక వేస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ పాయ వెడల్పు ఎక్కువ ఉండదు. దాన్ని దాటాక ఒడ్డుకు తిరగండి. ఛానల్‌లో పడవవాడు చేసేదీ ఇదే. నీటితో తలపడడు, దాని దారి కనిపెట్టి పక్కనుంచి పోతాడు.

ఎవరైనా మునిగిపోతూ కనిపిస్తే వెంటనే దూకకండి. మునిగేవాడు మిమ్మల్ని కరుచుకుని ఇద్దరూ మునిగిపోతారు. గట్టిగా కేకలు వేసి పెద్దవాళ్లను పిలవండి. తాడో, వెదురుకర్రో, పంచో, చీరో విసరండి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరినా అది మనిషిని తేల్చి ఉంచుతుంది.

ఇక ఈ రాత్రి చంద్రుడు కనబడితే ఒకసారి చూడండి. నిండుగా ఉన్నాడా, సగమే ఉన్నాడా? దాన్నిబట్టి సముద్రంలో ఈ రోజు పెద్ద పోటా, చిన్న పోటా మీరే చెప్పగలరు. ఏ తీరాన్నో, తోడుపడవ ఎక్కే ముందు ఒక ఈతగాడు కూడా అదే చంద్రుణ్ణి చూసి, అదే లెక్క వేసుకుంటూ ఉంటాడు.